తప్పు పలికితే నిలబడాలి

నర్సింగ్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే ఉద్యోగంలో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు ఈమధ్య గన్నవరంలో మా ఇంటికి వచ్చారు. కాఫీ తాగి, నోటు పుస్తకాలు తెరిచి, "మీ అనుభవం చెప్పండి మేడం, రాసుకుంటాం" అన్నారు. గంటసేపు చెప్పాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు కదా, బాగానే చెప్పాను. వాళ్ళు వెళ్ళాక గ్లాసులు కడుగుతుంటే అసలు సంగతి ఒక్కటీ చెప్పలేదని తోచింది. చెప్పినవన్నీ నాకు పేరు తెచ్చినవే. ఆ పిల్లల కోసమే ఇది రాస్తున్నాను.

విజయవాడలో గుణదల వైపు ఒక ఆసుపత్రి, దాని ఆవరణలోనే నర్సింగ్ కాలేజీ. పేరు అనవసరం. అక్కడ నేను చాలా ఏళ్ళు ఇంగ్లీషు చెప్పాను. ఎప్పుడు చేరాను, ఏ గ్రేడులో రిటైరయ్యాను అన్నవి నా పెన్షను కాగితాల్లో ఉన్నాయి. వాటితో మీకు పని లేదు.

ఈ ఉద్యోగంలో చెప్పవలసింది ఏమిటి

మామూలు కాలేజీలో ఇంగ్లీషు చెప్పడం వేరు, నర్సులకు చెప్పడం వేరు. అక్కడ పద్యానికి భావం తప్పు రాస్తే మార్కు పోతుంది. ఇక్కడ మాటకు అర్థం తప్పు తెలిస్తే పోయేది వేరొకరి ప్రాణం. పైగా వైద్యంలో వాడే ఇంగ్లీషు మాటలు సగం లాటిను నుంచి, సగం గ్రీకు నుంచి వచ్చినవి. కవల పిల్లల్లా ఉంటాయి. తల్లి గుర్తుపట్టాలి తప్ప పక్కింటివాళ్ళ వల్ల కాదు.

ఇలియం అనే మాట రెండు ఉన్నాయి. ఒకటి చిన్నపేగు చివరి భాగం, ఇంకొకటి తుంటి ఎముక. పలకడంలో తేడా లేదు, రాయడంలో ఒక్క అక్షరమే తేడా. పాల్పేషన్ అంటే డాక్టరు చేత్తో తడిమి చూడడం, పాల్పిటేషన్ అంటే రోగికి గుండె దడ. ప్రాస్టేట్ మగవాళ్ళలో ఉండే గ్రంథి. దానికి ఒక రకారం అదనంగా తగిలించి ప్రాస్ట్రేట్ అంటే బోర్లా పడుకోవడం. ఈ రకారాన్ని తగిలించే డాక్టర్లను కూడా చూశాను. వెయిన్ అంటే రక్తనాళం. అదే ఉచ్చారణతో ఇంకొక వెయిన్ ఉంది, దానికి వృథా అనీ గర్వం అనీ అర్థం. కాలో చెయ్యో శరీరానికి దూరంగా జరపడం అబ్డక్షన్, దగ్గరికి తేవడం అడక్షన్. ఈ రెండూ పలికితే చెవికి ఒకటే కాబట్టి తెలిసిన డాక్టర్లు మొదటి అక్షరాలను విడదీసి ఏ-బీ-డక్షన్, ఏ-డీ-డక్షన్ అంటారు. ఎంత పెద్ద డాక్టరైతే అంత విడమరిచి చెబుతాడు. అరకొరగా తెలిసినవాడే గడగడ పలుకుతాడు. ఇది నేను వరండాల్లో నిలబడి నేర్చుకున్నది.

ఇటువంటి మాటలను రోజుకు రెండు చొప్పున బోర్డు కుడిపక్క మూలన రాసేదాన్ని. క్లాసులో మొదటి పది నిమిషాలు వాటికే. పిల్లలు వాటిని 'జంటలు' అనేవారు. "ఇవ్వాళ జంట ఏవిటండీ?" అని మెట్ల మీదే అడిగేవారు. పూర్వ విద్యార్థులు ఇప్పటికీ కనబడితే ఆ జంటలే తలుచుకుంటారు. ఇంతవరకూ మీరు నిశ్చింతగా అనుసరించవచ్చు.

నిలబడడం నాకు ఎవరు నేర్పారు

మా నాన్న గన్నవరం దగ్గర పల్లెలో ఒక చిన్న చర్చికి ఉపదేశి. ఆదివారాలు తెలుగు బైబిలు చదివాక ఇంగ్లీషులో కూడా ఒక వాక్యం చదివేవాడు. ఏ అక్షరం కనబడితే దాన్ని పలికేవాడు. మూగ అక్షరాలన్నీ ఆయన నోట్లో మాటలు నేర్చేవి. ఎవరూ నవ్వలేదు, ఆయనా సిగ్గుపడలేదు. ఊళ్ళో ఎవరికి ఇంగ్లీషు ఉత్తరం వచ్చినా ఆయన దగ్గరికే తెచ్చుకునేవారు. విషయం సరిగ్గానే చెప్పేవాడు.

సిగ్గుపడడం నేను ఉద్యోగంలో నేర్చుకున్నాను. మొదట ఉయ్యూరులో ఒక జూనియర్ కాలేజీలో చేరాను. అక్కడ ఇంగ్లీషు శాఖ పెద్దాయన దగ్గర చాలా పాండిత్యం ఉండేది, అంతకంటే ఎక్కువ వెటకారం ఉండేది. చేరిన వారంలోనే స్టాఫ్ రూములో నేను 'సటిల్' అనవలసిన మాటను మధ్యలో బకారం పలికి 'సబ్‌టిల్' అన్నాను. ఆయన పేపరు దించి, "అమ్మా, మీరు కాసేపు లేచి నిలబడండి. అలా పలికే మనిషిని కాలేజీ లోపలికి రానిచ్చిన తలుపు ఏదో చూద్దాం" అన్నారు. ఆరుగురు మగ లెక్చరర్లు నవ్వారు. నేను నిజంగానే నిలబడ్డాను. బెల్లు కొట్టేదాకా కూర్చోమనలేదు.

ఆ కోపంతో ఒక నిఘంటువు కొని ఏడాదిలో అరగదీశాను. తర్వాత ఆయనే నన్ను అడిగి ఉచ్చారణ సరిచూసుకునే స్థితికి వచ్చాను. దాంతో ఒక సిద్ధాంతం చేసుకున్నాను: నిలబెడితే వస్తుంది. ఇందులో ఉన్న పొరపాటు ఏమిటంటే, నిలబెడితే వచ్చినవాళ్ళే తర్వాత టీచర్లవుతారు. రానివాళ్ళు మన దగ్గరికి వచ్చి ఆ సంగతి చెప్పరు.

నియమం

గుణదల కాలేజీలో నా నియమం ఇది. బోర్డు మీద జంట చూపించి ఒకరిని అడుగుతాను. తప్పు పలికితే నిలబడాలి. ఇంకొకరు తప్పు పలికినప్పుడు మొదటివాళ్ళు కూర్చోవచ్చు. గంట అయిపోయేలోపు ఎవరూ తప్పు పలకకపోతే మర్నాడు వచ్చి మళ్ళీ నిలబడాలి. "తెలీదండీ" అంటే మాత్రం శిక్ష లేదు. తెలియకపోవడం నేరం కాదు కదా. ఆ వెసులుబాటు నా దయాగుణమని అనుకునేదాన్ని.

నా వరకూ ఆ పది నిమిషాలూ కుర్చీలో కూర్చునే అడిగేదాన్ని. మోకాళ్ళు అప్పటికే పేచీ పెడుతున్నాయి.

మొదట్లో క్లాసు సందడిగా ఉండేది. నిలబడ్డ పిల్ల పక్కపిల్లను గిల్లి తప్పు పలికించాలని చూసేది. కొన్నేళ్ళకు సందడి తగ్గింది. తర్వాత తర్వాత వచ్చిన పిల్లలు అడిగినదానికల్లా "తెలీదండీ" అనడం మొదలుపెట్టారు. స్టాఫ్ రూములో నేను, "ఏటేటా సరుకు తగ్గిపోతోందండీ, ఈ పిల్లలకు ఏమీ తెలీదు" అని వాపోయేదాన్ని. పిల్లలేమో హాస్టల్లో, "మేడం క్లాసులో నోరు మూసుకుంటే ఊరు మంచిది" అని సామెత మార్చి చెప్పుకునేవారట. ఈ ముక్క నాకు చాలా కాలానికి తెలిసింది. దారి నేనే చూపించాను, ఆ దారిన నడిచారు. దాన్ని నేను తెలివితక్కువతనం అనుకున్నాను.

నాగమణి ఆ పిల్లల్లో ఒకతె. ఉయ్యూరు పక్క పల్లె. తండ్రి చెరకు నరికే కూలి. చదువు తప్ప ఇంకో ధ్యాస లేని పిల్ల. చేరిన మొదటి వారంలో ఒక శుక్రవారం ఆమెను ఓరల్, ఔరల్ అనే జంట అడిగాను. మొదటిది నోటికి సంబంధించినది, రెండోది చెవికి సంబంధించినది. రెండింటినీ ఒకేలా "ఓరల్" అంది. క్లాసు నవ్వింది. నిలబడమన్నాను. ఆ గంటంతా ఇంకెవరూ తప్పు పలకలేదు. శనివారం నిలబడింది. సోమవారం వేరే అమ్మాయి తప్పు పలికాక కూర్చుంది.

ఆ ఆదివారం నిఘంటువు తిరగేస్తే రెండింటినీ ఒకేలా పలకడం ఒప్పేనని ఉంది. పొరపాటు పడకూడదని ఆసుపత్రుల్లో రెండోదాన్ని విడదీసి ఔరల్ అంటారు, అంతే. అంటే శుక్రవారం, శనివారం కూడా ఆ పిల్ల ఒప్పు పలికే నిలబడింది. సోమవారం క్లాసులో ఆ మాట చెప్పవలసింది. చెప్పలేదు. టీచరు మాట తప్పితే క్లాసు చెయ్యి దాటిపోతుందని నాకో భయం ఉండేది.

ఆ తర్వాత రెండేళ్ళకు పైగా నాగమణి నా క్లాసులో "తెలీదండీ" తప్ప మరో మాట అనలేదు. రాతలో మాత్రం ఎప్పుడూ మొదటి వరసే. నోట్లో నాలుక లేని పిల్ల అని ఆమె రిపోర్టులో రాశాను.

రెబెకా సిస్టర్ చెప్పిన మాట

మన పిల్లలు చాలామంది గల్ఫుకు, ఇంగ్లండుకు వెళ్ళాలనుకుంటారు. అందుకని నాగమణి క్లాసు పిల్లలు మూడో ఏడాదికి వచ్చినప్పుడు ప్రిన్సిపాల్ మదర్ గారికి నేనొక సలహా ఇచ్చాను. మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ మారేటప్పుడు, వెళ్ళే నర్సు వచ్చే నర్సుకి ఒక్కొక్క రోగి సంగతీ అప్పజెబుతుంది. దాన్ని హ్యాండోవర్ అంటారు. విద్యార్థినులు ఆ అప్పజెప్పడం పూర్తిగా ఇంగ్లీషులో చెయ్యాలన్నాను. మదర్ గారికి నచ్చింది. మగవాళ్ళ వార్డు ఇన్‌ఛార్జి రెబెకా సిస్టర్‌కి నచ్చలేదు.

"రోగి తెలుగులో మూలుగుతాడు టీచర్ గారూ. మేం ఇంగ్లీషులో ఎందుకు చెప్పుకోవాలండీ?" అంది.

"అలవాటవుతుంది సిస్టర్" అని నవ్వేశాను.

"అలవాటవుతుంది. అయ్యేలోపు మంచం మీదోడి గతేంటండీ?"

ఆమె చదివింది నాకంటే తక్కువ. అందువల్ల ఆమె మాటకు నేనిచ్చిన విలువ కూడా తక్కువే. మీరు చేరబోయే చోట కూడా ఇటువంటి మనిషి ఒకరు ఉంటారు. ఆ మనిషి చెప్పేది మొదటి నెలలోనే వినండి.

అంతటితో ఆగలేదు నేను. వారానికి రెండు రోజులు హ్యాండోవర్ జరిగేచోటికి స్వయంగా వెళ్ళి, ఎవరెవరు ఏ మాట తప్పు పలికారో ఒక చిన్న పుస్తకంలో రాసుకుని, మర్నాడు క్లాసులో చదివేదాన్ని. పేర్లతో సహా.

మూడో నంబరు మంచం

ఆ రోజు మూడో నంబరు మంచం మీద పక్షవాతం వచ్చిన ఒక రైతు ఉన్నాడు. ఉయ్యూరు వైపు మనిషి. భార్య పక్కనే ఉంది. ఉదయం డ్యూటీలో విద్యార్థినిగా నాగమణి ఉంది. రెండు కావడానికి కాస్త ముందు ఆయనకు చెంచాతో నీళ్ళు పట్టబోతే దగ్గు వచ్చింది, గొంతులో గురగురమంది. నాగమణి చెంచా పక్కన పెట్టేసి ఆయన భార్యతో, "అత్తా, ఇప్పుడాయనకి ఏమీ తాగించమాకండి. పెద్ద డాక్టరు గారు చూశాకే" అని చెప్పింది. సరిగ్గా చెయ్యవలసిన పనే. పక్షవాతం రోగికి మింగే శక్తి దెబ్బతింటే నోట్లో పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

రెండు గంటలకు హ్యాండోవర్. నేను పుస్తకం పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాను. నాగమణి మూడో మంచం దగ్గర బీపీ, నాడి, జ్వరం అంకెలు ఇంగ్లీషులో చక్కగా చదివింది. తర్వాత ఆగింది. నా వైపు చూసింది. పెదవులు కదిలాయి కానీ మాట రాలేదు. రెండు క్షణాలు అలా ఉండి నాలుగో మంచం దగ్గరికి వెళ్ళిపోయింది. నేను పుస్తకంలో "మూడో మంచం: నాగమణి: తప్పులు లేవు" అని రాసి పక్కన టిక్కు పెట్టాను.

సాయంత్రం డ్యూటీ నర్సుకి ఆయన మింగలేడన్న సంగతి తెలియదు. ఐదింటికి ఆయన భార్య కాఫీ ఇవ్వనా అని అడిగితే ఇవ్వమంది. రెండు గుక్కలకే పొలమారి ఊపిరాడలేదు. ఐసీయూకి తీసుకెళ్ళారు. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది.

విచారణ

మూడో రోజు మదర్ గారి గదిలో విచారణ జరిగింది. మదర్ గారు, వార్డు డాక్టరు, రెబెకా సిస్టర్, నేను. నాగమణి తలుపు పక్కన నిలబడింది. ముందు రోగి భార్యను పిలిచి అడిగారు.

"ఆ పిల్ల నాకు చెప్పిందండి, ఏమీ పట్టమాకని" అందావిడ. "తర్వాతొచ్చిన నర్సమ్మ గారు పర్లేదంటే పట్టాను. నాకేం తెలుస్తుందండీ? ఆ పాపనేమీ అనమాకండి."

ఆవిడ పాపను కాపాడదామనే చెప్పింది. కానీ ఆ సాక్ష్యం నాగమణి మెడకే చుట్టుకుంది. సంగతి తెలిసి కూడా అప్పజెప్పలేదన్నమాట.

"తెలిసి ఎందుకు చెప్పలేదు?" అన్నారు డాక్టరు.

నాగమణి నేల చూసింది. "తెలీదండీ" అంది.

ఆయన కోపంతో లేచిపోయారు. ఆ పిల్ల పేరు కాలేజీ నుంచి తీసెయ్యాలని వెళ్తూ వెళ్తూ అన్నారు. చివరి పరీక్షలకు ఇంకా కొన్ని నెలలే ఉన్నాయి. పేరు తీసేస్తే మూడేళ్ళ చదువూ పోయినట్టే. ఇంకో కాలేజీ తీసుకోదు.

మదర్ గారు నా వైపు తిరిగి, "మీరక్కడ ఉన్నారు కదా టీచర్ గారూ. ఆ అమ్మాయి ఏమైనా చెప్పబోయిందా?" అని అడిగారు.

పెదవులు కదలడం నేను చూశాను. నా వైపు చూడడం చూశాను. ఎందుకు ఆగిందో నాకు స్పష్టంగా తెలియకపోయినా, అది నాతో ముడిపడి ఉందని మాత్రం తెలుస్తూనే ఉంది.

"నేను భాష మాత్రమే చూశానండీ. మిగతాది నాకు తెలీదు" అన్నాను.

నాగమణి తలెత్తి నన్ను చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఆశ్చర్యం కూడా లేదు. నాకు చాలా సిగ్గేసింది. మదర్ గారు నిర్ణయం మర్నాటికి వాయిదా వేశారు.

ఆమె పుస్తకం, నా పుస్తకం

మర్నాడు ఉదయం రోజూ కంటే ముందు బస్సుకి వచ్చి హాస్టల్ వరండాలో నాగమణిని పిలిచాను. హ్యాండోవర్ కోసం విద్యార్థినులు జేబులో పెట్టుకునే చిన్న పుస్తకం అడిగాను. ఇచ్చింది. ఆ రోజు పేజీలో మూడో మంచం దగ్గర తెలుగులో ఇలా ఉంది: "నీళ్ళు మింగుతుంటే దగ్గు. గొంతు గురగుర. ఏమీ పట్టొద్దు. డాక్టరు గారికి చెప్పాలి." ఒక్క అక్షరం దోషం లేదు. కింద డిస్‌ఫేజియా అనే ఇంగ్లీషు మాటను తెలుగు లిపిలో మూడుసార్లు రాసి మూడుసార్లూ కొట్టేసింది.

ఆ జంట నేను చెప్పినదే. తెలుగు లిపిలో రాస్తే రెండు మాటలూ డిస్‌ఫేజియానే. ఒకటి మింగలేకపోవడం, ఇంకొకటి మాట పడిపోవడం. తేడా అంతా మధ్యలో ఉన్న జకారంలో ఉంది. మొదటిదానిలో మన జ. రెండోదానిలోది తుమ్మెద ఝుమ్మన్నట్టు పళ్ళ మధ్య నుంచి పలకాలి. దానికి తెలుగులో అక్షరమే లేదు. పక్షవాతం రోగికి ఆ రెండు జబ్బుల్లో ఏదైనా రావచ్చు, రెండూ రావచ్చు.

"మాట తెలుసా నీకు?" అన్నాను.

"తెలుసండీ. ఏ జ అనాలో అప్పుడు గుర్తు రాలేదండీ. మీరక్కడున్నారు కదండీ. తప్పంటే రేపు క్లాసులో చదువుతారని..."

"తెలుగులో చెప్పొచ్చుగా?"

"తెలుగులో చెప్పకూడదన్నారు కదండీ."

"పోనీ, అయిపోయాక సాయంత్రం నర్సుకి విడిగా చెప్పొచ్చు కదా."

"చెబ్దామనే వరండాలో నిలబడ్డానండీ చాలాసేపు. ఆవిడ మీతో మాట్లాడుతున్నారండీ. ఈలోగా హాస్టల్ బెల్లు కొట్టారు."

అది నిజం. ఆ సాయంత్రం నర్సుని పది నిమిషాలపాటు ఆపి, ఆమె పలికిన రెండు మాటలు సరిచేసింది నేనే.

"నిన్న ఇదంతా ఎందుకు చెప్పలేదు?"

"మీ పేరు చెప్పాలి కదండీ" అంది.

నా పుస్తకం తీసి టిక్కు పెట్టిన పేజీ చూశాను. తప్పులు లేవు అని నా చేత్తోనే రాసి ఉంది. ఆమె పుస్తకం, నా పుస్తకం రెండూ తీసుకుని మదర్ గారి గదికి వెళ్ళాను. క్లాసులో నియమం దగ్గర నుంచి వరండాలో పది నిమిషాల దాకా అంతా చెప్పాను. నిన్న తెలీదన్నది అబద్ధమని కూడా చెప్పాను. ఆవిడ మధ్యలో ఒక్కసారీ ఆపలేదు. అంతా అయ్యాక, "ఇదే రాసి ఇవ్వగలరా?" అన్నారు. అక్కడే కూర్చుని రాసిచ్చాను. ఇంగ్లీషులో మొదలుపెట్టి, కొట్టేసి, తెలుగులో రాశాను.

నాగమణి పేరు తీసెయ్యలేదు. సంగతి తెలిసి వార్డు వదిలి వెళ్ళినందుకు ఆ వార్డులో పోస్టింగు మళ్ళీ మొదటి నుంచి చెయ్యమన్నారు. అది న్యాయమే. నన్ను మదర్ గారు ఏమీ అనలేదు. ఇంగ్లీషు హ్యాండోవర్ ఆ వారమే ఎత్తేశారు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. రెబెకా సిస్టర్ ఎదురుపడితే, "నేను చెప్పాను కదండీ" అంటుందేమోనని కొన్నాళ్ళు ఆ వార్డు వైపు వెళ్ళలేదు. చివరికి ఆమే వచ్చి, "నా వార్డు పిల్లలకి వారానికో గంట జంటలు చెప్పండి టీచర్ గారూ, నేనూ కూర్చుంటాను" అంది.

ఆ రైతు పద్దెనిమిది రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి ఇంటికి వెళ్ళాడు. గొంతు మాత్రం మునుపటిలా రాలేదు. బతక్కపోయి ఉంటే ఇదంతా రాసేదానివా అని నన్ను నేను అడిగాను. నిజం చెప్పాలంటే, రాసేదాన్ని కాదేమో.

కొత్తగా చేరిన మీకు నా సలహా పెద్దగా లేదు. జంటలు చెప్పండి, ఉచ్చారణ గట్టిగానే నేర్పండి, అది అవసరమే. అర్థం చెప్పిన పిల్లను ఉచ్చారణ దగ్గర ఆపకండి. ముందు సంగతి చివరిదాకా విని, తర్వాత మాట దిద్దండి. మీ క్లాసులో "తెలీదండీ" ఎక్కువగా వినబడితే పిల్లలను తిట్టే ముందు మీరు పెట్టిన నియమం ఏమిటో ఒకసారి చూసుకోండి.

ఆ సోమవారం

విచారణ అయ్యాక వచ్చిన సోమవారం క్లాసుకి వెళ్ళి, బోర్డు మూలన ఆ జంటే రాశాను. జరిగినదంతా చెప్పాను. మొదటి ఏడాది ఓరల్, ఔరల్ దగ్గర నాగమణిని నిలబెట్టింది నా తప్పేనని, ఆ సంగతి అప్పుడే తెలిసి దాచానని కూడా చెప్పాను.

"ఈ క్లాసులో నియమం ఒకటుంది కదా. తప్పు చెప్పినవాళ్ళు నిలబడాలి" అని కుర్చీ పక్కన నిలబడ్డాను.

తర్వాత మామూలుగానే మొదటి వరస నుంచి అడగడం మొదలుపెట్టాను. మొదటి పిల్ల "తెలీదండీ" అంది. రెండో పిల్లా అదే అంది. వరసలు వరసలుగా అదే మాట. అలవాటు కొంత, నన్ను చూసి భయం కొంత. నియమం ప్రకారం తెలీదంటే లెక్కలోకి రాదు కాబట్టి నేను కూర్చోవడానికి లేదు. క్లాసు సగం గడిచింది. మోకాళ్ళు సలుపుతున్నాయి. బల్ల అంచు పట్టుకున్నాను. ముందు బెంచీలో ఒకమ్మాయి కళ్ళు తుడుచుకుంటోంది.

ఆఖరి బెంచీలో నాగమణి దగ్గరికి వచ్చాను. ఆమెనూ అడిగాను, "తెలీదండీ" అంటుందనే అనుకుంటూ.

లేచి నిలబడింది. మూడేళ్ళలో మొదటిసారి ఆమె గొంతు ఆ గది చివరిదాకా వినబడింది. రెండు మాటలూ పలికింది. తుమ్మెదలా పలకవలసిన చోట మన జ, మన జ ఉండవలసిన చోట తుమ్మెద. పూర్తిగా తప్పు. ఆ వెంటనే, "మొదటిది మింగలేకపోవడం అండీ. నీళ్ళు పడితే దగ్గొస్తుంది. డాక్టర్ గారు చూసేదాకా నోట్లో ఏమీ పొయ్యకూడదు. ఇది వెంటనే చెప్పాలండీ, ఏ భాషలోనైనా" అంది.

క్లాసులో ఎవరూ నవ్వలేదు.

"తప్పే కదండీ?" అంది నాగమణి, నా కళ్ళల్లోకి చూస్తూ. "ఇక మీరు కూర్చోండి మేడం."

ఆ మాటలు ఆమెకు సరిగ్గా పలకడం వచ్చో రాదో నేను అడగలేదు. ఇప్పటికీ అడగలేదు. కుర్చీలో కూర్చుని, ఆమెను కూడా కూర్చోమన్నాను. నేను రిటైరయ్యేదాకా ఆ క్లాసులో మళ్ళీ ఎవరూ నిలబడలేదు.